ఐవీఎఫ్‌కి ముందు డీఎఫ్‌ఐ పరీక్ష: అవసరమా, డబ్బు దండగా?

గాజువాక_వాసి:
నాకు 34, మా ఆవిడకి 31. పెళ్లయి ఐదేళ్లు. వీర్య పరీక్షలో కౌంట్ మిల్లీలీటరుకి 2.8 కోట్లు, కదలిక 46 శాతం. నార్మల్ అన్నారు. ఇప్పుడు ఐవీఎఫ్‌కి ముందు డీఎన్‌ఏ ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష, అదే వీర్యకణాల్లో ఎన్నింటికి డీఎన్‌ఏ తెగిందో చెప్పే డీఎఫ్‌ఐ, చేయించమంటున్నారు. సక్సెస్ అవుతుందో లేదో ముందే తెలిసిపోతుందట. నిజమేనా?

బీచ్‌రోడ్డు_బాతాఖానీ:
అంత కచ్చితంగా తెలిసేదైతే ఫీజు కూడా కడుపు పండాకే తీసుకునేవారు కదా!

ఎంవీపీ_కాలనీ:
వేళాకోళం వద్దండీ. నాకు రెండుసార్లు గర్భం నిలవలేదు. నాలుగేళ్లపాటు సూదులూ స్కానింగులూ అన్నీ నాకే. సింహాచలం అప్పన్నకి మొక్కులు కూడా నా పేరు మీదే. చివరికి మా ఆయనకి డీఎఫ్‌ఐ చేస్తే 38 శాతం, కారణం వేరికోసీల్, అంటే వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం. ఆపరేషన్ అయ్యాక 21కి దిగింది. పాప, బాబు ఇంకా లేరు. కానీ లోపమంతా నాదేనన్న మాట మా ఇంట్లో ఆగింది.

ల్యాబ్_మూర్తి:
మామూలు పరీక్షలో కణాల లెక్క, నడక, ఆకారం చూస్తాం. లోపల డీఎన్‌ఏ తెగిందా అన్నది అందులో కనపడదు. డీఎఫ్‌ఐ చెప్పేది అది. 30 దాటితే ఎక్కువని చాలా ల్యాబులు రాస్తాయి గానీ హేలో, ట్యూనెల్, ఎస్‌సీఎస్‌ఏ పద్ధతుల్లో ఒకే నమూనాకి వేరే వేరే అంకెలు రావచ్చు. పైగా తెగిన డీఎన్‌ఏని అండం కొంతవరకు బాగుచేసుకుంటుంది. హార్బర్‌లో బోటు ఇంజన్ చూసి ఈ ట్రిప్పులో ఎన్ని చేపలు పడతాయో చెప్పగలమా? ఇదీ అంతే.

ఆ 'నార్మల్' కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు 1.6 కోట్లు, కదలిక 42 శాతం. ఏడాదిలోపు భార్యకి గర్భం వచ్చిన మగవాళ్లని చూసి వేసిన గీత అది. వాళ్లలోనూ నూటికి ఐదుగురు దానికి కిందే ఉన్నారు.

అమెరికా యూరాలజీ, సంతాన వైద్య సంఘాలు 2020లో మొదటి విడత పరీక్షల్లోనే డీఎఫ్‌ఐ వద్దన్నాయి. గర్భాలు పదేపదే పోతుంటే చేయించమన్నాయి.

ఎంవీపీ_కాలనీ:
అంటే మా కడుపు రెండుసార్లు పోయాక గానీ మగాడి వంక చూడరన్నమాట!

ల్యాబ్_మూర్తి:
చూడాలమ్మా, కాదనను. వేరికోసీల్ ఉందో లేదో యూరాలజిస్ట్ చేత్తో తడిమి చూస్తే చాలా వరకు తెలుస్తుంది. ముందు అది చేయరు, ఖరీదైన పరీక్ష రాస్తారు. నా గొడవ అక్కడ.

గాజువాక_వాసి:
ఒక సంగతి చెప్పలేదు. నాది ఫర్నేస్ దగ్గర డ్యూటీ. మూడు వారాల కిందట 103 జ్వరం కూడా వచ్చింది.

ల్యాబ్_మూర్తి:
అయితే ఇప్పుడు శాంపిల్ ఇవ్వకండి బాబూ! వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. జ్వరం దెబ్బ రిపోర్టులో పడుతుంది, దాన్ని చూసి మీరు బెంగపడతారు. ఫర్నేస్ వేడి సంగతి కూడా డాక్టరుకి చెప్పండి.

ఎంవీపీ_కాలనీ:
మీ ఆవిడకి 31 కాబట్టి మూడు నెలలు ఆగొచ్చు. నాకు 38, నేనైతే ఆగను.

గాజువాక_వాసి:
జ్వరం వచ్చిందా అని ఆ సెంటర్‌లో ఒక్కరూ అడగలేదండి. శనివారం వీక్లీ ఆఫ్, ముందు యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్తాను.