ఐఈఈఈ స్టూడెంట్ బ్రాంచ్ పెట్టడం సరే, నిలబెట్టడం ఎలా?

ఇంజినీరింగ్ కాలేజీలో ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం) స్టూడెంట్ బ్రాంచ్‌ను రెండు మూడేళ్లయినా నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కనీసం 12 మంది విద్యార్థి సభ్యులు, కౌన్సిలర్‌గా (అంటే బ్రాంచ్‌కు మార్గదర్శిగా) ఐఈఈఈ సభ్యత్వమున్న అధ్యాపకులొకరు ఉండాలని తెలుసు. ఆ తర్వాతి సంగతే తేలడం లేదు.

మొదటి చిక్కు తేదీలది. సభ్యత్వం డిసెంబరుతో ముగుస్తుంది. ఆగస్టు 16 నుంచి పూర్తి రుసుముతో చేరితే వచ్చే ఏడాది చివరిదాకా ఉంటుంది. మార్చి 1 నుంచి ఆగస్టు 15 లోపయితే సగం రుసుమే, కానీ ఆ డిసెంబరుతో సరి. ఫైనలియర్ వాళ్లు మేలో వెళ్లిపోతారు, జనవరిలో కొందరు రెన్యువల్ మర్చిపోతారు, సంఖ్య కాస్తా పడిపోతుంది. అందుకే సెకండియర్ వాళ్లనే ఆగస్టు ఆఖర్లో చేర్పిద్దామని ఆలోచన. ఇందులో లోపమేమైనా ఉందా?

రెండోది ఐఈఈఈఎక్స్‌ట్రీమ్. 24 గంటల కోడింగ్ పోటీ, జట్టుకు ముగ్గురు దాకా. పర్యవేక్షణకు విద్యార్థి స్థాయి దాటిన సభ్యులొకరు కావాలి. రాత్రంతా ల్యాబ్ తెరిచి ఉంచడానికి (హాస్టల్ గేటు సంగతి సరేసరి) ప్రిన్సిపాల్‌ను ఎలా ఒప్పించారు?

అసలు ప్రశ్న ఉద్యోగాలది. రెజ్యూమెలో ‘సభ్యుడు’ అన్న ఒక్క ముక్కకు విలువ లేదు. వెబ్‌మాస్టర్‌గా సైట్ నడపడం, ట్రెజరర్‌గా లెక్కలు చూడటం, పోటీలో ర్యాంకు: వీటిలో ఇంటర్వ్యూలో దేని గురించి గుచ్చి గుచ్చి అడిగారు? సెక్షన్ (ఐఈఈఈ ప్రాంతీయ శాఖ) సమావేశాల్లో పరిచయమైన ఇంజినీర్లను రిఫరల్ ఎప్పుడు, ఎలా అడిగితే మర్యాదగా ఉంటుంది?

సర్టిఫికెట్ల కోసం వర్క్‌షాపులు పెట్టమనే సలహా మాత్రం వద్దండీ.