మస్టాంగ్ జీటీ ఇంజిన్ బే కడగాలె: డీజిల్, ప్రెషర్ గన్ను, బోరు నీళ్లు.. ఏది వద్దు, ఏది పర్వాలేదు?

వీ8_నల్లగొండ:

అన్నలందరికీ నమస్తే. బండి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, 2018 మోడల్, 5.0 లీటర్ల వీ8. బానెట్ లేపితే అంతా ఎర్రదుమ్మే. ముందు అద్దం కింది జాలీల వేపాకు నిండింది. డ్రైవర్ పక్క వాల్వ్ కవర్ (ఇంజిన్ పై మూత) అంచుకు నూనె చెమ్మ ఉంది, దాని మీద దుమ్ము పట్టి మడ్డి లెక్క గట్టిపడ్డది. వాటర్ సర్వీసింగ్ వాళ్లు డీజిల్ కొట్టి గన్నుతోని కడుగుతం, పావుగంట పని అంటున్నరు. నాకు ధైర్యం చాలుతలేదు. ఇంటికాడ బోరు నీళ్లున్నయి, ప్రెషర్ వాషర్ లేదు. బ్యాటరీ తీయాల్నా? ఏమేం కప్పాలె? అసలు నీళ్లు కొట్టొచ్చా, వద్దా?

జడ్చర్ల_డిటైలింగ్:

డీజిల్ మాట మర్చిపో తమ్మీ. కూలెంట్ పైపులు, ఆల్టర్నేటర్ లాంటివి తిప్పే సర్పెంటైన్ బెల్టు ఎక్కువగ ఈపీడీఎం రబ్బరుతోని వస్తయి. ఆ రబ్బరు నీళ్లకు, వేడికి గట్టిదే గాని డీజిల్, కిరోసిన్, గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడతది. బెల్టు జారుతది, కీచుమంటది. పైగా డీజిల్ పొర పూర్తిగ పోదు, కొత్త దుమ్ముకు అదే జిగురయితది. ఎగ్జాస్ట్ వేడి మీదుంటే మంట భయం వేరే.

గన్ను సంగతి. "కనెక్టర్లు వాటర్‌ప్రూఫే గద" అంటరు. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లల్ల 30 నిమిషాలు మునిగినా లోపలికి నీరు పోవద్దని. జెట్ దెబ్బకు ఆ రేటింగ్ పనికిరాదు, దానికి ఐపీ69కే అని వేరే పరీక్ష ఉంది: 80 నుంచి 100 బార్ ప్రెషర్, 80 డిగ్రీల నీళ్లు. కారుల అన్ని కనెక్టర్లు ఆ రకం ఉండయి. గన్ను మూతి జానెడు దూరం పెట్టి కొడితే సీలు పెదవి మడతపడి నీళ్లు పిన్నుల కాడికి పోతయి. ఆ రోజు బండి మంచిగనే స్టార్ట్ అయితది. చిలుము పట్టినంక నెలలకు ఏదో ఒక సెన్సార్ లైటు వెలుగుతది, అప్పుడు కారణం ఎవ్వరికీ దొరకది.

ఇంట్లనే చేసుకో, రెండు గంటల పని. పొద్దున ఏడు లోపల, నీడల, బండి రాత్రంతా ఆగి ఉన్నప్పుడు. మన ఎండల్ల పదింటికి మొదలుపెడితే క్లీనర్ ప్లాస్టిక్ మీదనే ఎండి తెల్ల చారలు పడతయి. వేడి ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మీద చల్లనీళ్లు పడితే లోహం ఒక్కసారి ముడుచుకొని పగులొచ్చే ప్రమాదం ఉంటది, అందుకే చేయి పెట్టి చూసి వేడి లేదనుకున్నంకనే ముట్టుకోవాలె.

ముందు అంతా పొడిపని. జాలీల వేపాకు చేత్తోని ఏరు, మిగిలింది వ్యాక్యూమ్ పెట్టు. ఇది వదిలేస్తే నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతయి, వానకాలం నీళ్లు క్యాబిన్‌ల ఏసీ బ్లోయర్ దిక్కు తిరుగుతయి. ఇన్సులేషన్ కింద ఎలుకల గూడు, కొరికిన వైర్లు ఉన్నయేమో టార్చి పెట్టి చూడు. కొరికిన వైరు కనిపిస్తే ఆ రోజు నీళ్ల పని బంద్. తర్వాత మెత్తటి పెయింట్ బ్రష్షుతోని దుమ్ము దులుపు. బ్రష్షుకున్న రేకు పట్టీకి టేపు చుట్టు, లేకుంటే గీతలు పడతయి.

దుమ్ము పోయినంక చూస్తే ముప్పావు పని అయిపోయినట్టే కనిపిస్తది. మిగిలిన మడ్డికి నీళ్లల్ల కలిసే ఆల్‌పర్పస్ క్లీనర్ చాలు. మామూలు మురికికి 1 వంతు క్లీనర్, 10 వంతులు నీళ్లు. ఆ వాల్వ్ కవర్ అంచుకు 1కి 4. డబ్బా మీద కాస్టిక్ సోడా అని ఉంటే తిరిగి పెట్టేయ్, నీ ఇంజిన్ బ్లాకు, హెడ్లు అల్యూమినియం, మచ్చలు పడితే పోవు. ఒక్కసారి ఒక గజం మేరకే కొట్టు, మూడు నిమిషాలు ఆగు, ఎండనియ్యకు, బ్రష్షుతోని రుద్దు. గట్టి మడ్డిని ఐస్‌క్రీం పుల్లతోని గీకు, స్క్రూడ్రైవర్‌తోని కాదు.

కడగనీకి ఎరువుల దుకాణంల 2 లీటర్ల చేతిపంపు స్ప్రేయర్ కొను. పొలంల గడ్డిమందు కొట్టిన పంపు మాత్రం తేవద్దు, ఎంత కడిగినా అందుల మందు మిగులుతది, ఆ తుంపర నీ మొఖం మీదికే వస్తది. మొత్తం బేకు నాలుగైదు లీటర్లు దాటొద్దు. పై నుంచి కిందికి, సన్న తుంపర.

మిర్యాలగూడ_ఆటో_ఎలక్ట్రికల్:

పైన చెప్పింది సరే. కప్పేటివి, బ్యాటరీ సంగతి నేను చెప్త.

కప్పాల్సినవి: ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూతి, ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, బ్యాటరీ, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిళ్ల కనెక్టర్లు, డిప్‌స్టిక్కు, ఆయిల్ మూత. కొత్త ప్లాస్టిక్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు చాలు. ఇన్‌టేక్ మార్చి బయటికి కనపడే కోన్ ఫిల్టర్ వేసి ఉంటే దానికి రెండు పొరలు చుట్టు. ఫిల్టర్ తడిసి నీళ్లు సిలిండర్‌ల పడితే నీళ్లు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతది.

బ్యాటరీ మొత్తం తీయకు. నెగెటివ్ టెర్మినల్ ఒక్కటే విప్పి, కేబుల్‌ను గుడ్డల చుట్టి పక్కకు పెట్టు. దానికంటే ముందు రెండు తలుపుల అద్దాలు సగం దించు. మస్టాంగ్ తలుపులకు ఫ్రేము ఉండది, తలుపు తెరిచినప్పుడల్లా అద్దం కొంచెం దిగాలె. కరెంటు లేకపోతే దిగది, అంచు రబ్బరుకు పట్టుకుంటది. తిరిగి కలిపినంక మాన్యువల్ చూసి అద్దాల ఆటో సెట్టింగు మళ్ల నేర్పాలె. మొదటి రోజు ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) కొంచెం ఎక్కువతక్కువైతే కంగారు పడకు, అది మళ్ల సర్దుకుంటది.

టెర్మినల్ మీద తెల్ల, నీలి పొడి ఉంటే గ్లాసు నీళ్లల్ల చెంచా వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్షుతోని రుద్దు. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోవద్దు.

ఈ ఇంజిన్‌ల అసలు గండం ప్లగ్గు గుంతలే. ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్, లోతు గుంతల దిగి ఉంటది. పైన పోసిన నీళ్లు అండ్ల నిలిచి ఎటూ పోవు. కాయిల్ కవర్లు తీయకుండనే తుడువు. ఆడ తుంపర కూడా వద్దు, తడి గుడ్డతోని అయిపోవాలె.

పాలమూరు_మిడ్_ఇంజిన్:

నా మాట కొంచెం వేరే. దుమ్ము ఒక్కటే ఉన్న బండికి నీళ్లే అవసరం లేదు. మైక్రోఫైబర్ గుడ్డలు ఆరు, బ్లోయర్, చేతిల స్ప్రే బాటిల్.. పని అయిపోతది. నీళ్లు ఆ నూనె అంచు కాడ మాత్రమే పెట్టండి.

బోరు నీళ్లు ఆఖరు కడుగుడుకు వాడొద్దు. నల్లగొండ అంటే అందరూ ఫ్లోరైడ్ అంటరు గాని ఇక్కడ మరకకు కారణం అది కాదు, కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. తాగే నీళ్లకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన టీడీఎస్, అంటే నీళ్లల్ల కరిగిన ఉప్పుల హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకకపోతే 2000 దాకా ఒప్పుకుంటది. 500 దాటిన నీళ్లు నల్ల ప్లాస్టిక్ మీద ఎండితే చుక్కలు తప్పవు. ఆర్‌వో ప్లాంటు 20 లీటర్ల క్యాను ఒక్కటి తెచ్చుకుంటే నాలుగుసార్లకు వస్తది. ఇదివరకే చుక్కలు పడి ఉంటే వెనిగర్, నీళ్లు సమానంగ కలిపి ప్లాస్టిక్ మీద ఒక నిమిషం, వెంటనే కడగాలె. అల్యూమినియం మీద పెట్టొద్దు.

ఇది ముందు ఇంజిన్ బండి కాబట్టి నీళ్ల ముచ్చట నడుస్తున్నది. ఇంజిన్ సీట్ల వెనక ఉండే పోర్షే కేమన్ లాంటి బండ్లకు ఇదే పద్ధతి పెట్టొద్దు. చోటు ఇరుకు, చేయి పోదు, తడి ఎక్కడ నిలిచిందో కనపడది. వాటికి గుడ్డ, గాలి, అంతే.

వీ8_నల్లగొండ:

మస్తు చెప్పిన్రు అన్నా. రెండు డౌట్లు. ఆరబెట్టనీకి పంక్చర్ షాపు కంప్రెసర్ వాడొచ్చా? కడిగినంక ఇంజిన్ వణికి చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే?

మిర్యాలగూడ_ఆటో_ఎలక్ట్రికల్:

వాడొచ్చు, ముందు ట్యాంకు కింది వాల్వు తిప్పి అండ్ల నిలిచిన నీళ్లు వదిలిపియ్యి, లేకుంటే గాలితోపాటు నీళ్లే కొడతవు. 40 పీఎస్ఐ చాలు. రేడియేటర్, ఏసీ కండెన్సర్ రెక్కల మీదికి దగ్గరగ పెట్టొద్దు, వంగుతయి. ఆరినంక కవర్లు తీసి, బానెట్ లేపే ఉంచి అరగంట, ఆ తర్వాత టెర్మినల్ కలిపి 10 నిమిషాలు ఐడిల్. ఫ్యాను దానంతట అదే తిరుగుతది, చేయి దూరం పెట్టు.

లైటు మిణుకుమంటే మిస్‌ఫైర్. అంటే ఏదో సిలిండర్‌ల పెట్రోలు సరిగ మండుతలేదు. వెంటనే ఇంజిన్ ఆపు. కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లకు పోయి అది కాలిపోతది, రెండు రోజులు నడిపి చూద్దామనుకోవద్దు. స్కానర్ పెట్టు: పీ0300 కోడ్ వస్తే ఏ సిలిండరో తేలలేదు, పీ0301 నుంచి పీ0308 దాకా అయితే ఆఖరి అంకే సిలిండర్ నంబరు. ఫోర్డ్ లెక్కల కుడి వరుస, అంటే మన బండ్లల్ల డ్రైవర్ పక్కది, ముందు నుంచి 1, 2, 3, 4. ఎడమ వరుస 5, 6, 7, 8. ఇంజిన్ చల్లారినంక ఆ కాయిల్ చుట్టూ గాలి కొట్టి, కాయిల్ పీకి, గుంతల మళ్ల గాలి కొట్టు. ప్లగ్గు విప్పే పని లేదు. రబ్బరు బూటు తుడిచి, లోపలి అంచుకు బటానీ గింజంత డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనియ్యని గ్రీజు) రాసి పెట్టు.

జడ్చర్ల_డిటైలింగ్:

మెరుపు కోసం డ్రెస్సింగ్ కొట్టేటట్టుంటే నీళ్ల రకమే, గుడ్డకు రాసి తుడువు. సిలికాన్ స్ప్రే బెల్టు మీద పడితే జారుతది, దాని ఆవిరి ఇన్‌టేక్‌లకు పోతే ఆక్సిజన్ సెన్సార్ పాడయితది.

ఆ నూనె చెమ్మ మాత్రం కడిగి మర్చిపోకు. అంచు పొడిగ అయినంక పైన పలుచగ టాల్కం పౌడరు చల్లు. 100 కిలోమీటర్లు తిరిగొచ్చి చూడు, పౌడరు ఎక్కడ మొదలు తడిసిందో లీకు అక్కడ. అంతటా తెల్లగనే ఉంటే అది పాత నూనె, ఆయిల్ పోసినప్పుడు ఒలికింది అయి ఉంటది.