ఇంట్లో కాటిసీను పద్యాలు వినకూడదా?

ప్రశ్న – నెల్లిమర్ల నుంచి

జూట్ మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. చెవులు సగం అక్కడే పోయాయి. కిందటేడు మా ఆవిడ పోయాక రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేస్తోంది. యూట్యూబ్‌లో నాటకాలు ఎలా వెతకాలో కోడలు చూపించింది. అప్పట్నుంచి హరిశ్చంద్ర కాటిసీను వింటున్నాను. జాషువా గారి ‘ఇచ్చోటనే’ పద్యం వచ్చేసరికి ఏడుపొస్తుంది, కాసేపటికి నిద్ర పడుతుంది. టీవీలో వార్తలు ఒక్క ముక్క అందని నాకు ఈ పద్యం అక్షరం అక్షరం వినబడుతోంది. అదెలాగో మరి.

మొన్న మా వదిన వచ్చి “చావు జరిగిన ఇంట్లో కాటి పద్యాలేటి బాబూ, సహస్రనామం పెట్టుకో” అంది. సహస్రనామం అంటే నాకు భక్తే. కానీ అది వింటే మా ఆవిడ గుర్తు రాదు. విజయనగరం పైడితల్లి జాతర ముందురోజు తొలేళ్లకీ, చుట్టుపక్కల తీర్థాలకీ వెళ్లి, దుప్పటి పరుచుకుని తెల్లవార్లూ నాటకాలు చూసినవాళ్లం. నేను కునుకు తీస్తే కాటిసీనుకి తట్టి లేపేది.

వినొచ్చా, మానెయ్యాలా?

హార్మోనీ, పార్వతీపురం

వినండి. హరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి వారిదే గాని, కాటిసీనులో జనం ఎదురుచూసేది జాషువా గారి పద్యాల కోసమే. కవి కలమూ, రాజముద్రికా అన్నీ ఆ నిప్పుల్లోనే కలిశాయంటాడు. అంటరానితనానికి అక్కడ చోటు లేదంటాడు. ఆ అవమానం పడ్డవాడు రాసిన మాట అది. అశుభం ఎక్కడుంది?

పద్యానికి ఇంకో గుణముంది. గజేంద్రుడి పద్యం తీసుకోండి: లావొక్కింతయు, ఠావుల్, నీవే, రావే. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘వ’. ప్రాస అంటే అదే. పాదం మొదలవగానే మనసు ముందే అక్కడికి వెళ్లి కూర్చుంటుంది. దిక్కు తెలియని రాత్రి తర్వాత ఏమొస్తుందో తెలియడం చిన్న విషయం కాదు.

నైట్ డ్యూటీ, శ్రీకాకుళం

బాబాయ్ గారూ, నేను నర్సుని. మగ్గాల మోతకి ముందుగా పోయేది సన్నటి శబ్దాలు వినే శక్తి. స, త, క లాంటివి జారిపోతాయి, అచ్చులు చాలావరకు అందుతాయి. నాటకం పద్యంలో సాగదీసేది అచ్చునే కదా. పైగా మీకు అది కంఠతా వచ్చు, జారిన అక్షరాన్ని మీరే పూరించుకుంటున్నారు. వార్తల్లో ఆ వీలుండదు.

ఒక్క మాట. ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకుని సౌండ్ పూర్తిగా పెంచకండి, ఉన్న వినికిడీ తగ్గుతుంది. చిన్న స్పీకరు తలగడ దగ్గర పెట్టుకోండి. చెవుల డాక్టరుకి ఒకసారి చూపించుకుంటే మిషను అవసరమో కాదో తెలుస్తుంది. నెలల తరబడి నిద్ర సరిగా లేదంటే ఆ సంగతీ డాక్టరుకి చెప్పండి.

బొబ్బిలి కుర్రాడు

రోజూ ఏడుపేనా తాతా? కృష్ణుడి వేషానికి పేరుపడ్డ నటుడు పీసపాటి వారు మా వైపు వారే, ఆయన రాయబారం పెట్టండి. రాగం కోసం మాటని నలిపెయ్యరు.

నెల్లిమర్ల నుంచి

అందరికీ దండాలు. ఆ సన్నటి శబ్దాల సంగతి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదమ్మా. స్పీకరు తెమ్మని మావాడికి చెప్పాను.

బాబూ బొబ్బిలీ, పీసపాటి వారిని స్టేజీ మీద చూసినవాణ్ణి, నాకు చెప్పక్కర్లేదు. రాయబారం పగలు వింటాను. రాత్రికి మాత్రం కాటిసీనే. మా వదిన వచ్చినప్పుడు ఆపేస్తాను. ఆవిడతో వాదన పెట్టుకోలేను, మంచి మనిషి, వారానికోసారి చారు చేసి పంపుతుంది.

ఇంతకీ యూట్యూబ్‌లో నాకు దొరికిన వాటిలో హార్మోనియం గొంతుని మింగేస్తోంది. గొంతు పైకి వినిపించే పాత రికార్డింగ్ ఎవరి దగ్గరైనా ఉంటే లింకు పెట్టండి.