నూర్ ఇనాయత్ ఖాన్: ఆ నోటుపుస్తకం తప్పు ఎవరి లెక్కలో రాయాలి?

తూర్పుగాలి:
నూర్ త్యాగాన్ని నేను కాదనడం లేదు. కానీ ఒక విషయం అందరూ దాటేస్తున్నారు. బ్రిటన్ వైర్‌లెస్ ఏజెంటుగా పారిస్‌లో ఉన్న ఆమెను 1943 అక్టోబరులో జర్మన్లు పట్టుకున్నప్పుడు, పాత సందేశాలన్నీ రాసిపెట్టుకున్న నోటుపుస్తకం కూడా వాళ్లకు చిక్కింది. దాని సాయంతో ఆమెలాగే నటిస్తూ లండన్‌కి సందేశాలు పంపారు. 1944 ఫిబ్రవరి చివర్లో లండన్ పంపిన ఏజెంట్లు ఆంటెల్మ్, లీ, దామెర్మాఁ అనే యువతి పారాచూట్లతో నేరుగా ఆ వలలోకే దిగారు. ముగ్గురినీ చంపేశారు. గూఢచారికి ధైర్యం ఒక్కటీ ఉంటే సరిపోతుందా?

అక్షరమాల:
నోటుపుస్తకం ఉంచుకోవడం తప్పే. ఆ మూడు ప్రాణాలూ ఆమె లెక్కలో రాయడానికి మాత్రం నాకు మనసొప్పదు.

శిక్షణ పూర్తవకుండానే పంపింది లండన్ ఆఫీసు. ఈమె ఈ పనికి తగదని నేర్పినవాళ్లే రాసినా, జూన్ 16 రాత్రి విమానం ఎక్కించారు. ఆమె దిగి పదిరోజులైనా కాకముందే ఆమె చేరిన గూఢచారి దళం నాయకుడు సట్టిల్ దొరికిపోయాడు, వెనకాలే ఒక్కొక్కరూ. వచ్చెయ్యమంటే ఆమె రానంది. తానూ వెళ్లిపోతే అక్కడినుంచి కబురందించేది ఎవరు? ట్రాన్స్‌మిటర్ పెట్టె మోసుకుంటూ, ఇళ్లు మారుస్తూ, జర్మన్ల వాహనాలు సిగ్నల్ పసిగట్టేలోపే పంపేసి వెళ్లిపోతూ అక్టోబరు దాకా నెట్టుకొచ్చింది. పట్టుబడ్డాక కూడా తప్పించుకోబోయింది. ఇక పారిపోనని రాసివ్వమంటే ఇవ్వలేదు. ఫోర్జ్‌హైమ్ జైల్లో నెలల తరబడి గొలుసుల్లో ఉంచారు.

వల సంగతికొస్తే, ఆ అక్టోబరులోనే సోనియా ఓల్షానెజ్కీ అనే ఇంకో అమ్మాయి లండన్‌కి కబురు పంపింది: మదలేన్ ఆసుపత్రిలో ఉందని. మదలేన్ అంటే నూర్ మారుపేరు, ఆసుపత్రి అంటే అరెస్టు. పంపిందెవరో తమకు తెలియదని లండన్ దాన్ని పక్కన పెట్టేసింది. నాలుగు నెలల తర్వాత ఆ ముగ్గురినీ దింపింది.

తూర్పుగాలి:
లండన్ తప్పే పెద్దది, ఒప్పుకుంటున్నానండీ. అయినా నోటుపుస్తకం ఊసెత్తకుండా నూర్ కథ చెప్పడం నాకు నచ్చదు. పొరపాట్లు చేసే మనిషే అంత తెగించిందంటే ఆమె విలువేమీ తగ్గదు.

అక్షరమాల:
తప్పకుండా చెప్పండి. 1944 సెప్టెంబరు 13న దహావ్ నాజీ శిబిరంలో నూర్‌తో పాటు చంపేసిన ముగ్గురు స్త్రీలలో దామెర్మాఁ కూడా ఉందని చెప్పండి. సోనియా పేరూ చెప్పండి. ఆమెను ఆ జూలైలోనే నాట్స్‌వైలర్ శిబిరంలో చంపేశారు. యుద్ధం ముగిశాక ఆరా తీసినవాళ్లు, అక్కడ చనిపోయింది నూరేనని మొదట అనుకున్నారు.