మే 14 దాటినా కోబ్రా (ఉద్యోగం పోయాక కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌ని సొంత ఖర్చుతో కొనసాగించుకునే హక్కు) నోటీసు రాలేదు, ఈబీఎస్‌ఏకి (ఉద్యోగుల బెనిఫిట్స్ చూసే అమెరికా కార్మిక శాఖ విభాగం) ఏ కాగితాలు పంపాలి?

టెక్సస్‌లో 60 మంది పనిచేసే కంపెనీ. మార్చి 31న లేఆఫ్, హెల్త్ ఇన్సూరెన్స్ కవరేజీ కూడా అదే రోజుతో ఆగింది. ప్లాన్ అడ్మినిస్ట్రేటర్ (ప్లాన్ నిర్వహణ బాధ్యత ఉన్నది) కంపెనీయే కాబట్టి కోబ్రా ఎలక్షన్ నోటీసుకు, అంటే కవరేజీ కొనసాగించుకుంటారా అని అడిగే నోటీసుకు, 44 రోజుల గడువు. అది మే 14తో అయిపోయింది.

హెచ్‌ఆర్‌ని అడిగితే కోబ్రా పనులు చూసే వెండర్‌కి వివరాలు పంపేశామంటారు, వెండర్‌ని అడిగితే నా ఉద్యోగం ముగిసిందని తెలిపే టర్మినేషన్ ఫైలే రాలేదంటారు. ఫార్మసీ కౌంటర్‌లో ఇన్సులిన్‌కి ‘కవరేజ్ టెర్మినేటెడ్ 03/31’ అని వస్తోంది. కంపెనీని సర్టిఫైడ్ మెయిల్‌లో రాతపూర్వకంగా కూడా అడిగాను. రిటర్న్ రిసీట్ మీద సంతకం మాత్రం చక్కగా చేశారు, జవాబు లేదు.

నోటీసు ఇచ్చిన తేదీ నుంచే 60 రోజుల ఎలక్షన్ గడువు లెక్కని, ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా ప్రీమియం కట్టొచ్చని తెలుసు. మార్కెట్‌ప్లేస్‌లో (ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ వేదిక) వేరే ప్లాన్ తీసుకునే గడువు మాత్రం మే 30 వరకే.

ఈబీఎస్‌ఏ బెనిఫిట్స్ అడ్వైజర్ ద్వారా నోటీసు తెప్పించుకున్నవాళ్లు చెప్పండి: ఫిర్యాదుతో పాటు ఏయే కాగితాలు పెడితే వాళ్లు కంపెనీతో త్వరగా మాట్లాడారు?