అప్‌డేట్: ఓవర్‌బూస్ట్ కోడ్ పి0234, లోపం దొరికింది

నా బండిలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) హద్దు దాటి, పి0234 అనే లోపం కోడ్ పడి, ఇంజిన్ లింప్ మోడ్‌లోకి (రక్షణ కోసం పవర్ తగ్గించుకునే స్థితి) పోతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పెట్రోల్ టర్బో, గాలి ఒత్తిడితో తెరుచుకునే వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి పంపి బూస్ట్‌ని అదుపులో ఉంచే తలుపు). సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ముందు గొట్టాలు చూడమన్నవాళ్ల మాటే నిజమైంది.

సోలనాయిడ్ (ఈ ఒత్తిడిని నియంత్రించే విద్యుత్ వాల్వ్) నుంచి యాక్చుయేటర్‌కి (రాడ్‌తో వేస్ట్‌గేట్‌ని తెరిచే భాగం) వెళ్లే సన్న గొట్టం క్లిప్ కింద చీలింది. పైకి నిక్షేపంగా కనిపిస్తుంది; క్లిప్ తీసి వంచితేనే చీలిక తెరుచుకుంటుంది. ఒత్తిడి అక్కడే లీకై యాక్చుయేటర్ లోపలి డయాఫ్రమ్‌కి (ఒత్తిడికి కదిలే పొర) చేరక, వేస్ట్‌గేట్ తెరుచుకోలేదు.

తేల్చింది హ్యాండ్ పంప్. నేరుగా యాక్చుయేటర్‌కి గాలి పెడితే 0.5 బార్ దగ్గర రాడ్ కదిలింది, పంపు గేజ్ ముల్లు నిలబడింది. అదే గొట్టం గుండా పెడితే ముల్లు జారిపోయింది. (ఈ అంకె యాక్చుయేటర్ స్ప్రింగ్‌ని బట్టి మారుతుంది.)

మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) మీద అనుమానం వృథా: ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్‌లో సుమారు 100 కిలోపాస్కల్స్, అంటే బయటి గాలి ఒత్తిడే చూపింది. సోలనాయిడ్ మార్చినా తేడా లేదు. రాడ్ పొడవు మాత్రం కదపకండి. కదిపితే, లీక్ సరిచేశాక బూస్ట్ లెక్క తప్పుతుంది.

కొత్త గొట్టం అదే లోపలి కొలతలో, వేడికి ఆగే రకం వేయించాను. కోడ్ చెరిపి మూడో గేర్‌లో ఫుల్ థ్రాటిల్ లాగ్ (డేటా రికార్డు) తీస్తే, అసలు బూస్ట్ టార్గెట్‌ని అంటిపెట్టుకునే ఉంది.