కన్ఫ్యూషియస్‌ను కాదనడానికి చైనా మేధావులకు ఒక్క తరమే ఎలా సరిపోయింది?

కౌశిక పాఠకుడు (అమలాపురం):
మా ఊళ్లో నెలకొకసారి కూడి చదువుకునే చిన్న బృందంలో ఈసారి చైనా ఆధునిక ఆలోచనా చరిత్ర చర్చకు వచ్చింది. 1898లో కాంగ్ యూవెయ్, లియాంగ్ ఛీచావ్ వంటివారు చక్రవర్తిని నిలబెట్టి, ప్రాచీన తత్త్వవేత్త కన్ఫ్యూషియస్ పేరు మీదనే సంస్కరణలు తేవాలని చూశారు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే పత్రికా సంపాదకుడు చెన్ దుశ్యూ, కథారచయిత లు షున్ ఆ కన్ఫ్యూషియస్ బోధననే దేశానికి పట్టిన పీడగా చూపారు. 1921 నాటికి కమ్యూనిస్టు పార్టీ కూడా పుట్టేసింది. మన వైపు చూస్తే, వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో వితంతు వివాహాల కోసం నిలబడినప్పుడు పండితులతో శాస్త్ర ప్రమాణాలు చూపి వాదించారే గాని శాస్త్రాలన్నిటినీ అవతల పారేయమనలేదు. అక్కడ మాత్రం పునాదులే తవ్విపోయాలన్న మాట అంత త్వరగా ఎందుకు వచ్చింది? పాశ్చాత్య పుస్తకాల ప్రభావమేనని మా బృందంలో కొందరు తేల్చేశారు గాని, నాకు ఆ సమాధానం చాలలేదు. వివరం తెలిసినవారు చెప్పగలరా?

గౌతమి గట్టు (రాజమహేంద్రవరం):
పుస్తకాల ప్రభావం లేదనలేము గాని, వాటిని వాళ్లు ఏ అవసరంతో తెరిచారన్నది ముందు చూడాలి. 1895లో చైనా జపాన్ చేతిలో ఓడిపోయి, తైవాన్‌ను వదులుకుని, 20 కోట్ల తాయెళ్ల (తాయెల్ చైనా తూకం) వెండి పరిహారంగా కట్టడానికి ఒప్పుకుంది. బ్రిటన్ చేతిలో ఓడిపోవడం ఒక ఎత్తు, తమ దగ్గరే అక్షరాలు నేర్చుకున్న జపాన్ చేతిలో ఓడిపోవడం మరొక ఎత్తు. తుపాకులు, ఓడలు కొంటే చాలు, మన ధర్మం మనకు ఉండనే ఉందన్న పాత ధీమా అక్కడితో కూలిపోయింది. గ్రీనిచ్‌లో నౌకాదళ విద్య చదివి వచ్చిన యెన్ ఫూ, పరిణామ సిద్ధాంతంపై ఆంగ్ల శాస్త్రవేత్త హక్స్‌లీ రాసిన గ్రంథాన్ని 1898లో ప్రాచీన శైలి చైనీసులో వెలువరించినప్పుడు, పాఠకులు అందులో జీవశాస్త్రం కన్నా తమ జాతి మిగులుతుందా అంతరిస్తుందా అన్న ప్రశ్ననే చదివారు.

మీరు చెప్పిన వీరేశలింగంగారి పద్ధతి అక్కడ లేకపోలేదు. కాంగ్ యూవెయ్ చేసింది అచ్చంగా అదే. కన్ఫ్యూషియస్ స్వయంగా సంస్కర్త అనీ, తన సంస్కరణలకు బలం చేకూర్చడానికే ప్రాచీన రాజుల పేర్లు వాడుకున్నాడనీ గ్రంథం రాసి వాదించాడు. 1898 జూన్ 11న మొదలైన ఆ సంస్కరణలను సెప్టెంబరు 21న రాజమాత త్సీషీ అణచివేసింది. కాంగ్, లియాంగ్ తప్పించుకున్నారు. పారిపోయే వీలుండి కూడా కదలని వారి సహచరుడు తాన్ సితోంగ్‌ను మరి ఐదుగురితో కలిపి చంపేశారు.

నా దృష్టిలో అసలు మలుపు చక్రవర్తి పాలనను కూల్చి గణతంత్రం తెచ్చిన 1911 విప్లవం కాదు, 1905లో రాజోద్యోగ పరీక్షల రద్దు. సుమారు 1300 ఏళ్ల పాటు, గోదావరిలో నీరు ఎంత ఉన్నా మన చేలకు ధవళేశ్వరం తలుపుల గుండానే చేరినట్టు, చైనాలో చదువు అధికారానికి చేరే దారి ఆ పరీక్షలే. కన్ఫ్యూషియన్ గ్రంథాలు కంఠస్థం చేస్తే పదవి వచ్చేది కాబట్టి ఊరూరా చదివేవారు. పదవి రాదని తేలాక ఆ గ్రంథాలకు దన్నుగా నిలిచే వ్యవస్థ ఏదీ మిగల్లేదు. మన శాస్త్రాల మనుగడ కలెక్టరు కచేరీలో కొలువుల మీద ఆధారపడలేదు గనుక ఇక్కడ అలా జరగలేదు.

గునుపూడి వాసి (భీమవరం):
పై సమాధానంతో సగమే ఏకీభవిస్తాను. దన్ను పోయిన గ్రంథాలను జనం మెల్లగా మరచిపోతారు గాని, వాటిమీద అంత కసి పెంచుకోరు. ఆ కసికి కారణం యువాన్ షికాయ్. గణతంత్రానికి అధ్యక్షుడై ఉండి 1914లో కన్ఫ్యూషియస్ ఆలయంలో రాజలాంఛనాలతో పూజలు జరిపించాడు. మరుసటి ఏడాది చివర తనను తానే చక్రవర్తిగా ప్రకటించుకున్నాడు. 1913 నాటి రాజ్యాంగ ముసాయిదాలోనే, విద్యలో శీలనిర్మాణానికి కన్ఫ్యూషియస్ మార్గమే ఆధారమన్న నిబంధన చేర్చారు. 1915లో షాంఘైలో పత్రిక స్థాపించిన చెన్ దుశ్యూ ఆ మరుసటి ఏడాది ఎత్తిన ప్రశ్న సూటిగా ఈ నిబంధన మీదనే: రాజుకు ప్రజ, తండ్రికి కొడుకు, భర్తకు భార్య లోబడి ఉండాలని చెప్పే ధర్మం, పౌరులందరూ సమానులని చెప్పే రాజ్యాంగంలో ఎలా ఇముడుతుంది? ఇది పుస్తకాల మోజుతో అన్న మాట కాదు, కళ్లముందు జరిగిన మోసానికి జవాబు.

పైగా ఈ ధిక్కారులు బయటివారు కారు. చెన్ 1896లో ప్రాథమిక స్థాయి పరీక్షలో ప్రథముడుగా నెగ్గినవాడు. 1918లో లు షున్ రాసిన కథలో ఒక పిచ్చివాడు, ప్రతి పుటా ధర్మం, నీతి అన్న మాటలతో నిండిన చరిత్ర గ్రంథాన్ని సగం రాత్రి దాకా చదివి, వరుసల మధ్యన మనుషులను తినమన్న మాటే ఉందని కనిపెడతాడు. ఆ గ్రంథాలు నోటికి వచ్చినవాడికి తప్ప మరొకరికి ఆ ఊహ తట్టదు.

ప్రసక్తి వచ్చింది కాబట్టి ఒక మాట: చైనా సాహిత్యవేత్త హూ షి 1917లో వాడుక భాషలో సాహిత్యం రావాలని రాసిన కాలంలోనే ఇక్కడ గిడుగువారికీ, కోనసీమ ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులుగారికీ మధ్య వ్యావహారిక, గ్రాంథిక వాదం నడుస్తోంది. చైనాలో 1920కే ప్రాథమిక పాఠశాలల మొదటి తరగతులకు వాడుక భాష ప్రభుత్వ ఉత్తర్వుగా వచ్చేసింది. మనం ఎన్ని దశాబ్దాలు తీసుకున్నామో చెప్పనక్కర్లేదు.

కౌశిక పాఠకుడు (అమలాపురం):
ఇద్దరికీ కృతజ్ఞతలు. యువాన్ షికాయ్ సంగతి మా చర్చలో ఎవరూ ఎత్తనే లేదు. అయితే, ప్రజాస్వామ్యం, విజ్ఞానం అని నినదించిన చెన్ వంటివారిలో కొందరు అంత త్వరగా మార్క్స్ వైపు ఎందుకు మళ్లారు? రైతులను గురించి వీళ్లు ఏమనుకున్నారు? వరి పండించే ప్రాంతంవాళ్లం కాబట్టి మాకు ఆ ఆసక్తి ఎక్కువ.

పాలకొల్లు మాష్టారు (పాలకొల్లు):
మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు యుద్ధం తర్వాత జరిగిన వెర్సాయ్ శాంతి ఒప్పందంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చైనా మిత్రపక్షాల వైపే ఉన్నా, షాన్‌తుంగ్ రాష్ట్రంలో జర్మనీకి ఉన్న హక్కులను జపాన్‌కు కట్టబెట్టారు. 1919 మే 4న బీజింగ్‌లో సుమారు మూడు వేల మంది విద్యార్థులు వీధికెక్కారు. ప్రజాస్వామ్య దేశాలే ఇలా చేసినప్పుడు, జారు ప్రభుత్వం చైనాలో పొందిన హక్కులను వదులుకుంటామని ప్రకటించిన సోవియట్ రష్యా సహజంగానే ఆకట్టుకుంది. పెకింగ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి లీ దాజావ్ అప్పటికే రష్యా విప్లవాన్ని స్వాగతిస్తూ రాశాడు; కొద్దికాలం ఆయన కింద చిన్న ఉద్యోగం చేసినవాడు మావో. సిద్ధాంతాలు తగ్గించి సమస్యలను ఒక్కొక్కటిగా పరిష్కరించమని హూ షి 1919లో చెప్పిన మాట నాకు న్యాయంగానే కనిపిస్తుంది గాని, దేశం సేనానుల చేతుల్లో ముక్కలై ఉన్నప్పుడు ఆ ఒక్కొక్క పరిష్కారాన్ని అమలు చేసే ప్రభుత్వం ఎక్కడుంది?

రైతుల విషయంలో, హునాన్ రైతు ఉద్యమంపై మావో 1927లో రాసిన నివేదిక అందరికీ తెలిసినదే. మీ బృందం దానితో పాటు లియాంగ్ షుమింగ్‌ను కూడా చదవాలని నా సలహా. పాశ్చాత్య నాగరికతతో పోల్చి తూర్పు సంస్కృతిని సమర్థించిన ఈ తత్త్వవేత్త, 1930లలో షాన్‌తుంగ్‌లోని జౌపింగ్ జిల్లాకు వెళ్లి, గ్రామ పాఠశాలలు, సహకార సంఘాల ద్వారా పల్లెను నిలబెట్టే ప్రయత్నం చేశాడు. 1937లో జపాన్ దండయాత్రతో అది ఆగిపోయింది. వర్గపోరాటం కాకుండా ఊరి కట్టుబాటు మీదనే మార్పు తేవాలన్నది ఆయన పట్టుదల. 1953లో కార్మికులు ఆకాశంలో ఉంటే రైతులు పాతాళంలో ఉన్నారన్న అర్థం వచ్చేలా సభలో మాట్లాడి మావో ఆగ్రహానికి గురయ్యాడు. 1974లో కన్ఫ్యూషియస్‌ను దుమ్మెత్తిపోసే ఉద్యమం దేశమంతటా నడుస్తున్నప్పుడు, ఆయన అందులో చేరడానికి నిరాకరించాడు. సమావేశాల్లో తనను వరుసగా విమర్శించాక ఏమంటావని అడిగితే, సైన్యం నుంచి సేనానిని లాక్కోవచ్చు గాని సామాన్యుడి నుంచి అతని సంకల్పాన్ని లాక్కోలేరన్న కన్ఫ్యూషియస్ వాక్యాన్నే వినిపించాడు. 1988 దాకా జీవించాడు.